గరుకు

షావుకారు చేతిలో శాలువా చూసి తెల్లకోటు పిల్ల నవ్వబోయి ఆగింది. ఆమె ఆయన భార్యకు అక్క కూతురు.

"శాలువా ఎందుకు బాబాయ్? లోపల ఒంటివేడి ఎంతో అంత వెచ్చగా ఉంచాం."

"మీ పిన్ని చలిమనిషమ్మా. మండుటెండలోనూ దుప్పటి వదలదు. ఆహారం?"

"పొద్దునే ఇచ్చాం."

ఆయన తలుపు గాజుకు నుదురు ఆనించాడు. లోపల మసక వెలుతురు, సన్నటి యంత్రాల రొద. బయటిగాలి తగలకూడదని తలుపు తీయనివ్వరు.

ఆయనది పింగాణీ కప్పుల వ్యాపారం. వేలితో నిమిరి విలువ కడతాడు. నున్నటిది సరుకు, గరుకుది తుక్కు. "మీ మాటలూ మీ కప్పుల్లాంటివే, పట్టుకుందామంటే జారిపోతాయి" అని భార్య ఎప్పుడూ దెప్పడమే. ఆమె తుంటికీలు అరిగితే పింగాణీ కీలు పెట్టిద్దామన్నదీ ఆయనే. తన సరుకు మీద అంత నమ్మకం.

ఇప్పుడు ఒంటరిగా అన్నం ముందు కూర్చుంటే వంటింట్లో ఆమె చేతికర్ర టక్ టక్‌మంటుంది. వెళ్లి చూస్తే కర్ర మూలనే ఉంటుంది.

"నున్నటి పింగాణీ ముక్క మీద పిన్ని నిలవలేదుగా బాబాయ్. అందుకే ఈసారి ముక్క మీద లేజర్‌తో చాళ్లు తీశాం. వెంట్రుక కన్నా సన్నం. గరుకు తగిలితేనే కణాలకు పట్టు."

"అంటే నేను తుక్కని పారేసేది ఇక్కడ సరుకన్నమాట! ఈసారీ జారితే?"

పిల్ల చూపు తిప్పుకుంది. "మళ్లీ ప్రయత్నించడానికి పిన్నిలో సత్తువ లేదు. ఇదే ఆఖరు."

పిల్ల లోపలికి వెళ్లింది. తలుపు మూసుకుంది.

ఏ బేరంలోనైనా నష్టం తేలగానే చేతులు దులుపుకునే మనిషి. ఈ ఒక్క బేరం దగ్గర చేతులు రాలేదు. శాలువాను మడిచాడు, విప్పాడు, మళ్లీ మడిచాడు. గాజు వెనక ఎవరో దగ్గినట్టయింది. ఆ దగ్గు ఆయనకు తెలుసు.

తలుపు తెరుచుకుంది. పిల్ల కళ్లు తడిగా ఉన్నాయి.

"నిలదొక్కుకుంది బాబాయ్! రా, చూద్దువుగాని."

శాలువా గుండెకు అదుముకుని వెళ్లి, వంగి చూశాడు.

మైక్రోస్కోపు కింద, కిందటేడు ఆపరేషన్ బల్ల మీదే కన్నుమూసిన భార్య ఎముకలోంచి అప్పుడు తీసినవాటిలో మిగిలిన కాసిన్ని కణాలు తెల్లటి పింగాణీ చాళ్లలోకి వేళ్లు చాచి పట్టుకుని ఉన్నాయి.