ఆ హోటల్ వంటిల్లు

నగరంలో మనుషులతో కలిసి బతికే ఎలుకల మీద డాక్యుమెంటరీ తీస్తున్న ఒకావిడ, ఎలుకలు పట్టేవాణ్ణి సాయం అడిగింది. అతను ఆమెను తిన్నగా ఓ పెద్ద హోటల్ వంటింటికి తీసుకెళ్లాడు. పిండి బస్తాల మీద ఎలుకలు గంతులేస్తుంటే ఆవిడ కెమెరా దించలేదు.

సినిమా చూశాక జనం ఆ హోటల్ గడప తొక్కలేదు. నెల తిరక్కుండా తాళం పడింది.

"నా కచ్చ తీరింది!" అన్నాడతను భార్యతో. "మరిగే నూనె పడి చెయ్యి కాలితే, పనికిరావని నిన్ను గెంటేశాడుగా ఆ హోటల్ ఓనరు! ఇప్పుడు వాడూ రోడ్డున పడ్డాడు."

ఆమె నవ్వలేదు.

"పదేళ్లు ఆ వంటిల్లు కడిగాను. ఒక్క ఎలుకను చేరనివ్వలేదు. ఇవెక్కణ్ణుంచి వచ్చాయి?"

"నేనే వదిలాను."

"జనం ఛీ అన్నది నేను కడిగిన వంటింటినే కదయ్యా!" అందామె.