కాఫీకి ముందు

"నీ ఇంట్లో పచ్చి మంచినీళ్లు కూడా ముట్టను. నాన్న రాసిన టర్కిష్ నిఘంటువు ఇచ్చెయ్, పోతాను," అన్నాడు రెఫెత్ పొద్దున్నే. చెల్లెలు నెబాహత్‌తో మాటల్లేక ఆరేళ్లయింది.

ఆమె కాఫీ, పక్కన నీళ్ల గ్లాసు పెట్టింది. "'కహ్వాల్తి' అంటే ఏం రాశాడన్నయ్యా నాన్న?"

మాటకు అర్థం అడిగితే రెఫెత్ ఆగలేడు. "'కహ్వె' కాఫీ, 'ఆల్తి' కింద. ఖాళీ కడుపున కాఫీ పడకుండా ముందు తినేది. అదే పొద్దుటి ఫలహారమైంది."

చెప్పి, గ్లాసెత్తి నీళ్లు తాగేశాడు.

నెబాహత్ కాఫీ తీసేసి రొట్టె, జున్ను, ఆలివ్ కాయలు పెట్టింది.

"ఆకలని నేనన్నానా?"

"అననక్కర్లేదు. కాఫీ ఉండగా ముందు నీళ్లు తాగిన చుట్టానికి ఆకలేస్తున్నట్టేనని నేర్పింది అమ్మే కదా!"

అప్పటికే రెఫెత్ నోట్లో రొట్టె ఉంది.