ప్రతి చుక్కా

లారీ ఓనరు డీజిల్ ట్యాంకులోంచి కొలకర్ర పైకి తీసి, తడి ఎక్కడిదాకా అంటిందో చూశాడు. తర్వాత గేటు దగ్గర కుర్చీలో కూర్చున్న కాపలా తాతని చూశాడు. మళ్లీ కర్ర చూశాడు.

"మళ్లీ తక్కువే," అన్నాడు.

"నేను అనకూడదు గానీ బావా," అన్నాడు లారీ నడిపే బావమరిది, గొంతు తగ్గించి. "నేను దిగి ఇంటికెళ్లాక బండి దగ్గర ఉండేదెవరు? ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడు."

ఓనరుకి అనుమానం పుట్టించడానికి ఎవరూ కష్టపడక్కర్లేదు. వాన కురుస్తున్నా చెయ్యి చాపి చూసుకుంటే గానీ నమ్మడని ఆయన భార్య అంటుంది. కానీ ఆ తాత ఆయన లారీ కొన్న రోజు నుంచీ ఆ గేటు దగ్గరే ఉన్నాడు. పిల్లలిద్దరూ ఆ భుజాల మీదే పెరిగారు. పొమ్మనడానికి నోరు రాక ఓనరు లోలోపలే ఉడికిపోతున్నాడు.

"ముసలి బండి. ఇంజనే తాగేస్తోందేమో, ట్యూనింగ్ చేయించండి," అంది భార్య భోజనాల దగ్గర. "అంతేగానీ తాత మీద నింద వేశారంటే మాత్రం నేనూరుకోను."

మర్నాడు బావాబావమరుదులిద్దరూ లారీని ట్యూనింగ్ చేసే అమ్మాయి గ్యారేజీకి తీసుకెళ్లారు. ఆమె ఇంజను చప్పుడు కాసేపు విని, వెనక్కి వెళ్లి పొగ చూసి వచ్చింది.

"ఆ నల్లపొగంతా మీ డీజిలేనండీ. సరైన క్షణంలో, సరైన మోతాదులో పడకపోతే సగం కాలి సగం పొగైపోతుంది. టర్బో ఇచ్చే గాలికీ, పడే డీజిల్‌కీ పొత్తు కుదిరితే బండి బాగా లాగుతుంది. తాగేదీ తగ్గుతుంది."

"ఎంత తగ్గుతుంది?"

"పదో వంతు తగ్గితే గొప్ప. అంతకన్నా ఎక్కువ చెప్పేవాళ్లని నమ్మకండి."

ఆ మాటతో ఓనరుకి ఆమె మీద సగం నమ్మకం కుదిరింది. మిగతా సగం ఆయన ఎవరి మీదా పెట్టుకోడు.

ఆమె స్టీరింగ్ కింద గుప్పెడంత పెట్టె ఒకటి బిగించి, వైరు కలిపింది. "దీన్ని కదపకండి. ప్రతి చుక్కా ఇందులో నమోదవుతుంది. ఎప్పట్లాగే నడిపి నెలాఖరుకి తీసుకురండి, మిగతా పని చూద్దాం."

"ప్రతి చుక్కా?" అన్నాడు బావమరిది, వంగి పెట్టెను చూస్తూ.

"ప్రతి చుక్కా."

తిరిగి వస్తుంటే ఓనరు హెచ్చరించాడు. "తాతకి ఈ పెట్టె సంగతి చెప్పకు. దొంగైతే దొరుకుతాడు."

"నేనెందుకు చెప్తాను బావా?"

ఆ వారం నుంచే కర్ర మీద తడి పైకి జరిగింది. ఓనరు తుడిచి మళ్లీ ముంచాడు. అంతే ఉంది. తాగే డీజిల్లో ఏకంగా మూడో వంతు మిగులుతోంది.

"బండి కాదు బావా, ఏనుగనుకో," అన్నాడు బావమరిది. "ఎత్తు ఎక్కేటప్పుడు కూడా గేరు మార్చక్కర్లేదు. ఆ పొగ ఏమైపోయిందో కనపడదు. ఆ పిల్ల చేతిలో మహత్తుంది."

ఓనరుకి సిగ్గేసింది. పాపమంతా ఇంజనుదైతే, ఇన్నాళ్లూ మనసులో తాతని దొంగని చేశాడు. గేటు దగ్గరికెళ్లి పక్కన కూర్చున్నాడు.

"తాతా, డీజిల్ విషయంలో నిన్ను అనుమానించాను."

"తెలుసు బాబూ. కర్ర చూసినప్పుడల్లా నన్నూ చూసేవాడివిగా."

"మరి అడగలేదేం?"

"నువ్వే అడుగుతావని చూశాను."

ఓనరు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తాత చూడనట్టు గేటు వైపు తిరిగాడు.

ఇంట్లో భార్య సంతోషం ఇంతా అంతా కాదు. రెండో లారీ కొందామంది. అందులో తమ్ముడికి సగం వాటా రాయమంది. "సొంత బండిలా చూసుకుంటున్నాడు కదండీ. వాణ్ని కాకపోతే ఇంకెవర్ని నమ్ముతారు?" ఓనరు సరేనన్నాడు. శుక్రవారం కాగితాల మీద సంతకాలనుకున్నారు.

కానీ అనుమానం పెనుభూతం. తాతని వదిలిన భూతం ఇప్పుడు ట్యూనింగ్ అమ్మాయిని పట్టుకుంది. పదో వంతు గొప్పన్న మనిషి మూడో వంతు ఎలా మిగిల్చింది? ఇంజను పీక నొక్కేసి ఉంటుందా? రేపు నడిరోడ్డు మీద అది బద్దలైతే రెండో బండి కాదు, ఉన్న ఒక్కటీ పోతుంది.

"బాగా నడిచే బండిని కెలకడం దేనికి బావా?" అన్నాడు బావమరిది. "ఇంక ఆ గ్యారేజీ మొహం చూడక్కర్లేదు."

ఓనరు వినలేదు. గురువారం పొద్దున్నే తానే నడుపుకుంటూ బయల్దేరాడు. వంతెన ఎక్కేటప్పుడు ఇంజను ఎప్పట్లాగే ఆయాసపడింది. అద్దంలో నల్లపొగ కనిపించింది. అలవాటు తప్పిన తన కాలిదే తప్పనుకుని గేరు మార్చాడు.

గ్యారేజీలో ఆ అమ్మాయి పెట్టె విప్పి కంప్యూటర్‌కి కలుపుతుండగానే మొదలుపెట్టాడు.

"నిజం చెప్పమ్మా. నా ఇంజన్ని ఏం చేశావు? పదో వంతన్నావు, మూడో వంతు మిగులుతోంది. దీని ఆయుష్షు తీసేశావా ఏంటి?"

ఆమె తెర మీద అంకెలు కిందిదాకా చదివింది. తర్వాత ఆయన వైపు చూసింది.

"మూడో వంతా? ఇంజను తాగేదాంట్లో మొదటి రోజుకీ ఇవాల్టికీ తేడా ఏమీ లేదండీ."

"అదెలా? నీ ట్యూనింగ్ తర్వాతే కదా ట్యాంకులో మిగలడం మొదలైంది?"

"ముందు మీ బండి మామూలుగా ఎంత తాగుతుందో తెలియాలి కదా, అందుకే ఆ పెట్టె పెట్టాను," అందామె అయోమయంగా. "ట్యూనింగ్ ఇంకా మొదలుపెట్టనేలేదు."