గ్యాస్ పైపు వచ్చాక

న్యూ బెడ్‌ఫోర్డ్ రేవులో చేపలు కోసే పని ఆ రోజు తొందరగా అయిపోయింది. ఫిలొమీనా మధ్యాహ్నమే ఇంటికొచ్చింది. గుమ్మం ముందు, ఇళ్ళు వెచ్చబెట్టే బాయిలర్లకి ఆయిల్ పోసే లారీ ఆగి ఉంది.

లోపలికెళ్ళి చూస్తే ఏముంది! లారీవాడు వంటింట్లో దర్జాగా కూర్చుని కేల్ ఆకుల సూప్ జుర్రుకుంటున్నాడు. ఎదురుగా ఆమె తండ్రి అన్సెల్మో.

ఆమెకి ఒళ్ళు మండిపోయింది.

"ఏమయ్యా, ఇల్లనుకున్నావా, హోటలనుకున్నావా?"

వాడు గబుక్కున లేచాడు. "పెద్దాయన కూర్చోమన్నారమ్మా..."

"రోజూ మధ్యాహ్నం లారీ ఇక్కడేనటగా? పక్కింటావిడ చెప్పింది. రోజూ ఆయిల్ పోస్తారటయ్యా ఎక్కడైనా?"



పాత ఆయిల్ బాయిలర్ తీసేయాలా, ఉంచాలా అని ఆమె ఎండాకాలం నుంచీ ఊగిసలాడుతోంది. ఆ సూప్ గిన్నె చూశాక తేల్చేసుకుంది.

"రేపట్నించి నీ అవసరం లేదులే. వీధిలోకి గ్యాస్ పైపు వచ్చింది. మేమూ మారిపోతున్నాం."

వాడి మొహం పాలిపోయింది. "ఈ ఒక్క చలికాలం ఆయిల్ ఉంచండమ్మా. నేను రాకపోతే పెద్దాయన..."

"మా నాన్న సంగతి నీకెందుకు? బేరం పోతుందని నీ ఏడుపు! నడు బయటికి!"

వాడు టోపీ తీసుకుని వెళ్ళిపోయాడు. పీడా పోయిందనుకుంది ఫిలొమీనా.

పనివాళ్ళొచ్చి నేలమాళిగలో ఆయిల్ ట్యాంకుని ముక్కలుగా కోసి పట్టుకుపోయారు. గ్యాస్ బాయిలర్ బిగించారు. ఇల్లు వెచ్చగా ఉంది. ఆయిల్ కంపు లేదు.

కానీ తండ్రి తిండి మానేశాడు.

ఆమె అన్న డువార్తె చేపల పడవతో సహా సముద్రంలో మునిగిపోయినప్పటి నుంచీ ఆయనకి మతి స్థిమితం లేదు. అయినా పొద్దున పెట్టి వెళ్ళిన సూప్ సాయంత్రానికి ఖాళీ అయ్యేది. ఇప్పుడు పెట్టింది పెట్టినట్టే ఉంటోంది. మనిషి పుల్లలా అయిపోయాడు. పొద్దస్తమానం కిటికీ దగ్గరే.

"రెండు చెంచాలు తాగు నాన్నా, నీకు పుణ్యముంటుంది!"

ముసలాయన గిన్నె తోసేశాడు.

"డువార్తె రానీ. వాడితో తాగుతా."

ఫిలొమీనాకి ఏడుపొచ్చింది. "అన్నయ్య ఇంకెక్కడ నాన్నా? సముద్రంలో పోయాడుగా!"

"నోర్ముయ్యవే! రోజూ వచ్చి నాతో కూర్చుని తాగే పిల్లాణ్ణి, మొన్న నువ్వేగా బయటికి గెంటేశావు!"