మన కుర్రాళ్ళకి వెయ్యకూడదు

“పన్నెండింటికల్లా పంపాలి. ఇంకా ఒక్క గడే ఖాళీ,” అంది ఆర్డిత్, సింకులో గడ్డకట్టిన టర్కీ కోడి మీద నీళ్ళు వదులుతూ.

భర్త వెర్నన్ హాల్వర్సన్ ఎడమచేత్తో కాఫీలో చెంచా తిప్పుతూనే ఉన్నాడు. చక్కెర ఎప్పుడో కరిగిపోయింది. అమెరికాలో, అయోవా రాష్ట్రంలోని ఒక చిన్న కాలేజీకి పద్దెనిమిదేళ్ళు అక్కడి తరహా ఫుట్‌బాల్ కోచ్‌గా చేసి, పదిరోజుల కిందటే ఆ పని పోగొట్టుకున్న మనిషి. కోపం రావాల్సిన చోట కోపం రాలేదు, ఏడుపు రావాల్సిన చోట ఏడుపూ రాలేదు.

ఏటా ఎనిమిది కాలేజీల కోచ్‌లూ ఓట్లేసి, అందరిలోకీ మేటి ఆటగాళ్ళను ఎంచుతారు. బల్ల మీదున్న ఆ ఓటు కాగితమే అతని ఆఖరి పని. అన్ని స్థానాలకూ పేర్లు రాశాడు, బంతి తన్నడానికే జట్టులో ఉండే కిక్కర్ దగ్గరికొచ్చి ఆగిపోయాడు.

ఫోన్ మోగింది. పొరుగు కాలేజీ కోచ్ మెర్ల్.

“ఏమయ్యా వెర్నన్, బతికే ఉన్నావా?”

“ఉన్నట్టే ఉంది.”

“అందర్నీ వాకబు చేశాను. మా కిక్కర్ టానరూ, ఇంకొకడూ ఓట్లలో సరిసమానంగా ఉన్నారు. నా కుర్రాడికి నేను వెయ్యకూడదు కదా. మిగిలింది నీ ఓటే. అడగడానికి నాకూ మొహం చెల్లట్లేదనుకో.”

“వాడు అడగమన్నాడా?”

“వాడా? తెలిస్తే నన్ను తంతాడు. అదీ ఆ ఎడమకాలితో.”

వెర్నన్ ఫోన్ పెట్టేశాడు. మెర్ల్ జట్టుతో ఆడిన ఆఖరి ఆటలో, ఆఖరి క్షణాన, ఆ ఎడమకాలు తన్నిన బంతే గోల్ కొయ్యల మధ్యనుంచి పోయింది. దాంతోపాటే వెర్నన్ ఉద్యోగమూ పోయింది.

“రాయి మరి,” అంది ఆర్డిత్.

“మన కుర్రాళ్ళకి మనం వెయ్యకూడదు.”

“వాడు నీ జట్టులో లేడుగా. ఈ ఊళ్ళో పెరిగినవాడే, నువ్వు చేర్చుకుంటేగా.”

“అప్పుడు గాలికి ఎగిరిపోయేలా ఉన్నాడు.”

“ఆ మాటే నలుగురి ముందూ అన్నావు. మూడేళ్ళయింది, నీ ఎదుట పడ్డాడా?”

“రాస్తే ఊరు ఊరంతా నవ్వుతుంది.”

“నవ్వనీ. పోవడానికి ఇంకా ఉద్యోగముందా నీకు?”

ఆమె అల్మరా తెరిచి, గురువారం థాంక్స్‌గివింగ్ పండగ భోజనానికి దాచిన మంచి పళ్ళాలు మూడు తీసింది. కాసేపు చూసి, ఒకటి మళ్ళీ లోపల పెట్టేసింది. పింగాణీ చప్పుడుకి వెర్నన్ తలెత్తాడు. గడియారం పదకొండూ యాభై చూపిస్తోంది.

“ఆ పళ్ళెం బయటే ఉండనీ,” అన్నాడు.

కలం ఎడమచేతిలోకి తీసుకుని, చొక్కా నంబరు వేసి, టానర్ అని రాశాడు.

పక్కన ఆటగాడి ఇంటిపేరు అని ఉన్నచోట తన ఇంటిపేరే, హాల్వర్సన్ అని రాశాడు.