తాత బొమ్మ పక్కన

ఆర్ట్ కాలేజీలో చదివే పద్మశ్రీ మొదట్లో రాముణ్ణీ, రావణుణ్ణీ తోలుబొమ్మలుగా కోసేది. ఈ ఏడు ఇంట్లోవాళ్ళ కథలు మొదలుపెట్టింది. ఆ రాత్రి నెహ్రూ నగర్ ఇంట్లో తెల్లదుప్పటి కట్టి, వెనక బల్బు వెలిగించి, చనిపోయిన తాత ప్లాంటు డ్యూటీకి వెళ్తున్నట్టు బొమ్మను నడిపించింది. ఎదురుగా నాయనమ్మ నూకమ్మ ఒక్కతే కూర్చుని చూస్తోంది.

"తాత సెయ్యట్టుకున్న పాపనెప్పుడు సేసినావే?"

"పాపేటి నాయనమ్మా? తాత ఒక్కడే."

పద్మశ్రీ బొమ్మను చేత్తో పట్టుకునే తెర ముందుకు వచ్చింది. తెరమీద ఆరేళ్ళ పిల్ల నీడ ఒక చెయ్యి పైకెత్తి నిలబడి ఉంది.

లైటు ఆర్పబోతే నూకమ్మ ఆమె మణికట్టు పట్టుకుంది.

"ఉండనీ. మీ నాన్న కంటే ముందు పుట్టిందది. నీకెవులూ సెప్పలేదు."

ఆ గొంతు విని నీడ ఇటు తిరిగింది.