కమోడ్ చెప్పిన కబురు

రోజూ పరీక్ష చేసి రోగాలు చెప్పే కమోడ్లు వీధిలో అందరిళ్లలోకీ వచ్చేశాయి. యాదగిరి తమ ఇంట్లోనూ పాతది పీకి కొత్తది బిగిస్తుంటే అతని తల్లి అనసూయమ్మ గొణిగింది.

“మన కడుపుల ముచ్చట దానికెందుకు?”

సిమెంటు ఆరాక కోడలు లాస్య మొదటిసారి వాడింది. ఆమె తలుపు తీస్తుండగానే కమోడ్ పలికింది: “అభినందనలు లాస్య గారూ. మీరు తల్లి కాబోతున్నారు.”

పెళ్లయిన ఆరేళ్లకు విన్న మాట అది. అనసూయమ్మ వంటింట్లోకి పరుగెత్తి, చక్కెర డబ్బా తెచ్చి కోడలి నోట్లో చెంచాడు పోసింది. లాస్య ఆపేలోపే ఇంకో చెంచాడు కమోడ్‌లో వేసింది.

“మంచి మాట చెప్పినోళ్ల నోరు గూడ తీపి జెయ్యాలె.”

వెంటనే అది కేకలు పెట్టింది: “షుగర్ తొమ్మిది వందలు దాటింది! కదలకండి, అంబులెన్స్ బయల్దేరింది!”

లాస్య తల పట్టుకుంది. అనసూయమ్మ మాత్రం డబ్బా చంకన పెట్టుకుని గేటు దగ్గరికి నడిచింది.

“రానియ్యి బిడ్డా. ఆళ్ల నోరు గూడ తీపి జేద్దాం.”